రోజుకు 24 గంటలేనా?

"రోజుకు ఎన్ని గంటలు?" అని అడిగితే మీరు తడుముకోకుండా "24" అంటారు. మన దేశంలో ఆ జవాబు సరైనదే. కానీ న్యూయార్కు గడియారాల ప్రకారం 2024 మార్చి 10వ తేదీకి 23 గంటలే ఉన్నాయి. అదే ఏడాది నవంబరు 3వ తేదీకి 25 గంటలు!

భూమి తిరగడంలో తేడా ఏమీ రాలేదు. మనుషులే గడియారాన్ని జరిపారు. వేసవిలో అక్కడ పొద్దున్నే వెలుగు వచ్చేస్తుంది. అందులో ఒక గంటను సాయంత్రానికి మళ్ళించుకోవాలని, మార్చిలో ఒక ఆదివారం అర్ధరాత్రి దాటి 2 గంటలు కాగానే గడియారాన్ని 3కు తిప్పుతారు. నవంబరులో 2 కాగానే తిరిగి 1కి తెస్తారు. దీనినే డేలైట్ సేవింగ్ టైమ్ అంటారు. మనకూ న్యూయార్కుకూ తేడా చలికాలంలో పదిన్నర గంటలు, వేసవిలో తొమ్మిదిన్నర గంటలు ఉండటానికి కారణం ఇదే.

ఇక కంప్యూటరు సంగతి చూద్దాం. 'సి' భాషలో ప్రోగ్రాము రాసేవారు కొందరు "రేపు ఇదే వేళ" కావాలంటే 24×60×60, అంటే 86,400 సెకన్లు కలిపేస్తారు. న్యూయార్కులో 2024 మార్చి 9 మధ్యాహ్నం 12 గంటలకు అలా కలిపితే, మర్నాడు మధ్యాహ్నం 1 గంట వస్తుంది! కంప్యూటరు లెక్క తప్పలేదు. మనం అడగదలచింది ఒకటి, అడిగింది మరొకటి.

గంట తేడాకే ఇంత గొడవా అనుకోకండి. అక్కడొక రోగికి ఆరు గంటలకొకసారి మందు ఇవ్వాలనుకుందాం. మార్చి 9 రాత్రి 11కు ఇస్తే, తర్వాతి మోతాదు గడియారంలో ఉదయం 6కు రావాలి. నవంబరు 2 రాత్రి 11కు ఇస్తే 4కే రావాలి. గడియారపు అంకెకు 6 కలిపే ప్రోగ్రాము రెండుసార్లూ 5 అనే చెబుతుంది. ఒకసారి మందు గంట ముందు పడుతుంది, మరోసారి గంట ఆలస్యమవుతుంది.

అందుకే గడిచిన కాలాన్నీ, గడియారం చూపే వేళనూ కలగలపకూడదని నా అభిప్రాయం. గడిచిన కాలం కావాలా? చాలా కంప్యూటర్లు 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడుతూ ఉంటాయి. ఆ లెక్కనే దాచుకుని, 'డిఫ్‌టైమ్' ఫంక్షన్‌తో తేడా తీయండి. "రేపు ఇదే వేళ" కావాలా? తేదీ గడిలో 1 కలిపి, 'టీఎం_ఐఎస్‌డీఎస్‌టీ' అనే గడిలో -1 పెట్టి, 'మేక్‌టైమ్' ఫంక్షన్‌కు అప్పగించండి. ఆ గడిలో 0 ఉంటే వేసవి సమయం లేదని అర్థం. 1 ఉంటే ఉందని అర్థం. -1 ఉంటే "నువ్వే చూసుకో" అన్నట్టు. నిన్నటి 0ను మార్చకుండా వదిలేస్తే మళ్ళీ గంట తేడా వస్తుంది.

గడియారం మార్చే తేదీలను మీ ప్రోగ్రాములో మీరే రాసిపెట్టకండి. అమెరికాలో 2006 దాకా ఈ మార్పు ఏప్రిల్‌లో వచ్చేది; 2007 నుంచి మార్చికి జరిగింది. చట్టం మారినప్పుడల్లా మీ ప్రోగ్రామును ఎవరు దిద్దుతారు?

"మనకు ఈ బెడద లేదుగా!" అంటారేమో. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మన దేశంలోనూ గడియారాలను గంట ముందుకు జరిపారు. పైగా ఇక్కడ రాసిన ప్రోగ్రాములు ఎక్కడెక్కడో పనిచేస్తాయి. మీ ప్రోగ్రామును ఒకసారి న్యూయార్కు సమయంలో, మార్చి 9వ తేదీ పెట్టి నడిపి చూడండి.