ఆట కట్టించువారు

చదరంగమున రాజు కదలుటకు చోటు లేనప్పుడు ఆట కట్టినదందుము. దొంగ పట్టుబడినప్పుడును వాని ఆట కట్టినదనియే అందుము. పిల్లల వీడియో ఆటల యెడ మన కృష్ణా డెల్టాలోని చదువుకొన్న కుటుంబములు చూపుచున్న వివేకమంతయు ఈ రెండవ యర్థమునందే నిలిచిపోయినది. కట్టుట యనగా నిర్మించుట యను అర్థము కూడ మన భాషలో కలదు. ఇల్లు కట్టినట్లు, పాట కట్టినట్లు, ఆటను కూడ ఎవరో యొకరు కట్టుచున్నారు. ఆ కట్టడము బాగున్నదా లేదా యని తమ వసారాలోనే తమ బిడ్డలు తర్కించుకొనుచున్నారని మాత్రము తల్లిదండ్రులకు తోచుట లేదు. ఆ తర్కము చెవిని బడగానే పనికిమాలిన కబుర్లని కసరి లేపుచున్నారు. ఆట సంగతి యటుంచుడు; ఆ కబుర్లను మాన్పించుట వలననే మన యిండ్లకు హెచ్చు కీడు కలుగుచున్నదని మా వాదము.

ఇంతకును ఆ కబుర్లెట్టివి? బెజవాడలో బెంజి సర్కిలు ప్రాంతపు టీ కొట్లయొద్ద సాయంకాలము పావుగంట నిలిచినవారికి, బందరు పోవు బస్సులో వెనుక వరుసను కూర్చున్నవారికి అవి ఉచితముగనే వినబడును. నూరుగురు ఒక దీవిపై దిగి, కడపట మిగిలినవాడు గెలుచు పబ్జీ ఆటలో సురక్షితమైన వలయము అంతకంతకు ముడుచుకొని పోవును. "అది ముడుచుకోకపోతే అందరూ ఇళ్లల్లో దూరి కూర్చుంటారు, ఇంక ఆటెక్కడిది?" అని యొకడు. "అలాగని మరీ తొందరగా ముడుచుకుంటే తుపాకీ దొరకనివాడు పరుగెత్తుతూనే చస్తాడు" అని వేరొకడు. మూడవవాడు గెలుపులో అదృష్టమెంత, నేర్పెంత యని లెక్క తీయును. వారి చేతిలో పుస్తకము లేదు; వారికి గురువు లేడు. అయినను ఒక నియమమును మనసులో తొలగించి చూచి, దాని ఫలితము నూహించి, మరల దానిని యథాస్థానమున నిలుపుచున్నారు. చట్టమును చదువు వకీలు చేయునదియు, కాలువపై లాకు ఎచ్చట నుండవలెనని యోచించు ఇంజనీరు చేయునదియు ఇంతకంటె భిన్నమైన పని కాదు. 2020 సెప్టెంబరులో ప్రభుత్వము ఆ ఆటను నిషేధించినది. 2021లో అది వేరు పేరుతో వచ్చినది. 2022లో మరల తొలగి, 2023లో మరల వచ్చినది. ఈ రాకపోకలలో కబుర్లకు నిషేధము తగిలినట్లు మాత్రము మాకు కనబడలేదు.

1985లో జపానులో మియమోటో షిగేరు, తెజుకా తకాషి మున్నగువారు సూపర్ మారియో బ్రదర్స్ అను ఆటను కట్టిరి. దాని ప్రారంభమున ఎట్లు ఆడవలెనో చెప్పు ఉపదేశ వాక్యము ఒక్కటియు లేదు. బొమ్మ ఎడమ ప్రక్కన నిలిచియుండును, కుడివైపు ఖాళీ. కనుక పిల్లవాడు కుడికే నడుచును. కొలది అడుగులలోనే ఒక చిన్న జంతువు ఎదురు వచ్చును. ఎగురుట తెలియనివాడు చచ్చును; కాని పోయినది కొన్ని క్షణముల శ్రమయే గనుక నవ్వుకొని మరల మొదలిడును. మాట లేకుండ పాఠము చెప్పుట యనగా ఇది. ఆ తెర అట్లేల కట్టబడెనో గ్రహించి చెప్పగల కుర్రవాడు, పాఠము చెప్పకయే శిక్షించు మన బడులను గూర్చియు రేపో మాపో ఒక ప్రశ్న వేయగలడు. పెద్దలు ఆ కబుర్లను సహింపకుండుటకు ఇదియు నొక కారణమేమో!

1921లో బెజవాడలో మారుతీ సినిమాశాల వెలసినది. సినిమా పిల్లలను చెరచునని తరువాతి తరములలో ఏ యింట అనలేదు? అంతకు ముందు నవలకు, నాటకమునకు నదే నింద. నేడో? గాంధీనగరమున సినిమా విడిచిన పిమ్మట ఆటో ఎక్కులోపలనే, మొదటి సగము పరుగెత్తినదనియు, రెండవ సగము సాగినదనియు, ఆ పాట ఆ చోట పెట్టవలసినది కాదనియు తల్లిదండ్రులు తీర్పు చెప్పుచున్నారు. దీనిని రసజ్ఞత యందుము. కుమారుడు మొదటి మూడు అంచెలు బాగున్నవి, నాలుగవది ఊరక సాగదీసినారు అనిన మాత్రము వాడు చెడిపోయినాడు. ఈ రెండు తీర్పులకు భేదమేమో తెలిసినవారు చెప్పుదురు గాక.

అసలీ తర్కము మన యిండ్లకు క్రొత్తదా? అయిదు వరుసలు, వరుసకు అయిదు గళ్లు, నాలుగు గవ్వలు: అష్టాచెమ్మా ఎరుగని అమ్మమ్మ యెవ్వరు? ఎదుటివారి కాయ నొక్కదానినైన చంపనిదే లోపలి గళ్లలోనికి పోరాదని ఒక యింటి కట్టడి. అక్కరలేదని ప్రక్క యింటి వాడుక. వరుసగా మూడుమార్లు పెద్ద పందెము పడిన చెల్లదని కొందరు, చెల్లునని కొందరు. ఈ తగవులు తీర్చినవారు మన యమ్మమ్మలే. చంపు నియమము లేనియెడల పిరికివాడు ఎవ్వరి జోలికిని పోక తప్పించుకొని కాయ పండించుకొనుననియు, అందువలన ఆట చప్పబడుననియు వారికి తెలియును. టీ కొట్టు కుర్రవాడు వలయమును గూర్చి చెప్పినదియు ఆ మాటయే. పులిజూదమును చూడుడు. మూడు పులులు, పదునైదు మేకలు. బలములు సమానములు కావు. గెలుచు దారులును సమానములు కావు. పులి మేకపై నుండి దాటి చంపును. మేకలు క్రమ్ముకొని పులికి దారి లేకుండ చేయును. మేకలు మరి నాలుగు తగ్గిన ఆట పులిది. మరి నాలుగు పెరిగిన మేకలది. అసమానుల నడుమ న్యాయమైన పోటీ యెట్లు కుదుర్పవలెనను ప్రశ్నకు, పేరు తెలియని పూర్వులు అరుగు రాతిపై గీసి యిచ్చిన సమాధానమది. 2020లో అంటువ్యాధి దినములలో తలుపులు మూసికొని కూర్చున్న కుటుంబములు పచ్చీసు వంశమున బుట్టిన లూడోను ఫోనులో ఆడినవి. అప్పుడెవ్వరికిని పరువు పోలేదు.

మాపై రాబోవు మొదటి బాణము వ్యసనము. అది నిజమైన బాణమే. దానిని మేము చేతితో త్రోసివేయము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 నుండి అమలులోనికి తెచ్చిన రోగముల పట్టికలో ఆటల వలని రుగ్మతకు స్థానము కలదు. ఆడుట తన యధీనము తప్పుట, తక్కిన పనులన్నిటికంటె ఆటయే ముఖ్యమగుట, కీడు కలుగుచున్నను మానలేకపోవుట, ఈ లక్షణములు సాధారణముగా 12 నెలలపాటు కనబడవలెనని అందు చెప్పబడినది. పరీక్ష ముందు రాత్రి ఒక గంట ఆడిన ప్రతివాడును రోగి కాడు. నిజముగా రోగియైనవానిని వైద్యునియొద్దకు గొనిపోవలెను. తిట్టుట చికిత్స కాదు. అయితే తాను ఆడు ఆటను ఆవలినుండి చూచి, ఇది నన్నెట్లు పట్టియుంచుచున్నదని యడుగగలవాడు అప్పటికే ఒక యడుగు వెలుపల నున్నాడు. మాట మాన్పించిన మాత్రమున ఆట మానడు; మాట లేక ఒంటరిగా ఆడును. పల్లెనుండి బెజవాడకు గొనివచ్చి, వసతి కళాశాలలో తెల్లవారుజాము మొదలు రాత్రి వరకు చదువున కప్పగింపబడిన బిడ్డ సెలవులకు ఇంటికి వచ్చును. దుప్పటి క్రింద ఫోను వెలుగున వాడేమి చేయుచున్నాడో తండ్రికి తెలియదు. అడుగుటకు వలసిన మాటలు కూడ ఆయనయొద్ద లేవు.

ఆ మాటలు లేకపోవుటవలననే మోసము సాగుచున్నది. ఫోనులో కదలు సమస్తమును పెద్దలు గేములను ఒక్క గంపలో వేసిరి. 2012లో వచ్చిన క్యాండీ క్రష్ మన గృహిణు లెరిగినదే. అందు ప్రాణములు అయిదు. ఓడినప్పుడెల్ల ఒకటి పోవును. పోయినది తిరిగి వచ్చుటకు అరగంట వేచియుండవలెను, లేదా సొమ్ము చెల్లింపవలెను. "ఇది కష్టం కాదు, టోల్ గేటు" అని ఈ కుర్రవాండ్రలో నొకడనిన, ఆటలోని కష్టమునకును ఆటపై సుంకమునకును గల భేదము నాలుగు మాటలలో తేలిపోయినది. లోపల నేమున్నదో తెలియని పెట్టెలను సొమ్మిచ్చి తెరచు పద్ధతిపై 2017లో, స్టార్ వార్స్ బాటిల్‌ఫ్రంట్ 2 అను ఆట విషయమున, మొదట గగ్గోలు పెట్టినవారు ఆటగాండ్రే. 2018లో బెల్జియము ఆ పెట్టెలను జూదముగా నెంచినది. కబుర్లు ముందు నడచినవి. ప్రభుత్వము వెనుక నడచినది.

మన దేశమున చట్టమును ఈ భేదమును తడుముకొనుచునే నేర్చుకొన్నది. రమ్మీలో నేర్పే ప్రధానమని సికింద్రాబాదు క్లబ్బు వ్యాజ్యమున 1967లో సుప్రీంకోర్టు చెప్పినది. ఫోను రమ్మీ ఆ తీర్పు నీడన పెరిగినది. ఆంధ్రప్రదేశ్ 1974 నాటి గేమింగు చట్టమును 2020లో సవరించి దానిని నిషేధించినది. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టము నేర్పా, అదృష్టమా యను ప్రశ్ననే ప్రక్కకు నెట్టి, సొమ్మొడ్డి ఆడు ఆన్‌లైను ఆటలను నిషేధించి, ఇ-స్పోర్ట్సును వేరుగా గుర్తించినది. పార్లమెంటు వేరు చేసినదానిని మన వసారా ఇంకను వేరు చేయలేదు. రమ్మీలో అప్పులపాలైన వానికిని, పైసా ఒడ్డక మైన్‌క్రాఫ్ట్‌లో కోట కట్టుకొన్న బాలునికిని మనము వడ్డించు తిట్టు ఒక్కటే. తనను మోసగించునది ఏదో, ఆడించునది ఏదో పోల్చుకొను విద్య ఆ బాలునికి ఎవరు నేర్పవలెను?

ఇక సంక్రాంతి. కోడికాలికి కత్తి కట్టి, బరిచుట్టు నోట్ల కట్టలు పట్టుకొని నిలుచువారిని ఒకమారు పరికింపుడు. వారందరు కుర్రవాండ్రేనా? 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమును, 1974 నాటి గేమింగు చట్టమును, 2016లో హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వును ఉండగనే డెల్టాలో బరులు వెలయుచున్నవి. దానికి సంప్రదాయమని పేరు. ఆ బరినుండి ఇంటికి వచ్చిన పెద్దమనిషి కుమారుని చేతిలోని ఫోను లాగికొని కాలము విలువను బోధించును. ఆ బోధ వాని చెవి కెక్కునా?

అట్లని కుర్రవాండ్రకు మేము హారతి పట్టుట లేదు. గవ్వలాటలలో న్యాయాధిపతులు స్త్రీలు. ఆట తెర కెక్కగనే అది మగవారి సొత్తైనది. జట్టుగా ఆడునప్పుడు ఆడుపిల్ల గొంతు వినబడిన చాలు, వెకిలి మాటలు మొదలగును. ఆమె నోరు మూసికొని, మగపేరు తగిలించుకొని ఆడవలసి వచ్చుచున్నది. నియమములలోని అన్యాయమును అంత చురుకుగా పట్టగలవారికి ఈ అన్యాయము కనబడదా? కొడుకునకు ఫోనును, కూతునకు వంటయింటిని పంచిన తల్లిదండ్రులకును ఇందు భాగము కలదు. రెండవ లోపము భాష. జోను, మ్యాపు, లెవెలు అనుటకు మాకభ్యంతరము లేదు. ధూమశకటమని పిలిచి యెవ్వరును రైలెక్కలేదు. కాని తాను కనుగొన్న దానిని అమ్మమ్మకు తెలియునట్లు చెప్పలేనివాడు దానిని పూర్తిగ కనుగొనలేదన్నమాట. పందెము, గడి, ఎత్తు, పంట, తొండి, ఇన్ని మాటలు ఇంటిలోనే ఉన్నవి. తొండి యను ఒక్క మాటలో ఎంత ధర్మశాస్త్ర మిమిడియున్నదో ఆడినవారికి తెలియును.

1914లో ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమము బెజవాడలోని రామమోహన గ్రంథాలయమున సభ చేరి, సంఘముగా నేర్పడినది. నవల చదివిన పిల్లలు చెడుదురను కాలమున గ్రంథాలయములు తలుపులు తెరచినవి. నేడు మన శాఖా గ్రంథాలయములలో నెలకొక ఆదివారము ఒక బల్లను ఈ కబుర్లకు కేటాయించుటకు వ్యయమెంత? బల్లపై ఒక ప్రక్క సుద్దముక్కతో గీసిన అష్టాచెమ్మా గళ్లు, ఒక ప్రక్క ఫోను ఉండవలెను. సొమ్మొడ్డు ఆట తేరాదు. అరగంట ఆడిన తరువాత అరగంట మాటలాడవలెను. ఆడుపిల్లలు మొదట మాటలాడవలెను. పెద్దలు వచ్చి కూర్చుండవచ్చును గాని తీర్పు చెప్పరాదు, ప్రశ్న మాత్రమే వేయవలెను. ప్రశ్న తోచనివారికి ఒకటి మేమే యిచ్చుచున్నాము. మూడుమార్లు పెద్ద పందెము పడిన ఏల చెల్లదని ముందు అమ్మమ్మను అడుగుడు. ఆమె చెప్పినది విన్న పిమ్మట, ఆ నూరుగురి దీవిలో అట్టి కట్టడి యున్నదా, లేనిచో ఎచ్చట పెట్టవలెనని మనుమని అడుగుడు.