దినముల ఖాతా

సంక్రాంతి నాటికి నూర్చిన ధాన్యమెన్ని బస్తాలో, కూలికెంత పోయెనో, వడ్డీకెంత కట్టవలయునో లెక్క చూడని భూస్వామి యుండడు. గడచిన యేడాది తన దినములేమయ్యెనని యడిగిన మాత్రము చెప్పజాలడు. పట్టణవాసి స్థితియు నింతకంటె మేలు గాదు.

అమెరికాలో ఫిలడెల్ఫియా నగరమున ముద్రణవృత్తిచే జీవించిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ (1706–1790) ఈ లెక్క వ్రాసియుంచెను. మితాహారము, మితభాషణము, క్రమము, పొదుపు మొదలగు 13 గుణములకు చిన్న పుస్తకమున గడులు గీసి, వారమునకొక్కదానిపై దృష్టి నిలిపి, తప్పిన నాడు నల్లచుక్క పెట్టుకొనెడివాడు. 13 వారములకొక ఆవృత్తి, ఏట నాలుగు. క్రమము మాత్రము తనకు పట్టువడలేదని యాతడే యొప్పుకొనెను. చుక్కలు దాచని యీ నిజాయితీ మాకు మిక్కిలి నచ్చినది.

అంతకంటె ముఖ్యము మరియొకటి. 1748వ సంవత్సరమున, 42 ఏండ్ల ప్రాయముననే, ముద్రాలయమును భాగస్వామికప్పగించి, ఆర్జించినది చాలునని శాస్త్రపరిశోధనకును ప్రజాకార్యములకును పూనుకొనెను. మనలో నెందరట్లు చాలుననగలరు? పదియెకరములవాడు ఇరువది కోరును. ఇరువదియైన పిదప చదువుదమని దాచిన భారతమును చెదలు తినును.

అయినను ఆ పట్టికలో నొక లోపము కలదు. అందు భార్యాబిడ్డలకు గడి లేదు. 1764లో ఫ్రాంక్లిన్ లండనునకు పోయెను; ఆతడు మరలి రాకమునుపే, 1774లో, భార్య డెబోరా గతించెను. పదేండ్లామె భర్త ముఖము చూడలేదు. పట్టిక వ్రాయబూను మన పాఠకులు పొలమునకు, వ్యాపారమునకు, సభలకు గడులు గీయుటకు ముందు ఇంటివారితో కలసి భుజించు పూటలకొక గడి గీయుదురు గాక.