‘అది సరే గానీ...’ అన్న తరువాత

పుత్తూరు బజారులో ఇద్దరు మాట్లాడుకుంటున్నప్పుడు విషయం ఎలా మారుతుందో గమనించండి. బియ్యం ధర గురించి చెబుతున్న మనిషికి అంతలో పెళ్ళి కబురు గుర్తొస్తే ‘అన్నట్టు’ అంటాడు. నడుమ వదిలిన మాటను మళ్ళీ అందుకోవాలంటే ‘ఇంతకీ’ అంటాడు. మన ఇళ్ళలోని దక్కనీలో ‘ఖైర్’ అనగానే పాత ప్రసంగం ముగుస్తుంది, ‘అచ్ఛా’ అనగానే కొత్తది మొదలవుతుంది. తమిళనాడు సరిహద్దుకు దగ్గరి ఊరు కనుక ‘అదు ఇరుక్కట్టుం’ అనేవారూ ఎదురవుతారు. భాష ఏదైనా మర్యాద ఒకటే. విషయం మారుస్తున్నానని ముందుగా తెలియజేయడం ఆ మాటల పని. ఎదుటివారికి ఇష్టం లేకపోతే ‘ఉండు, నా మాట పూర్తి కానీ’ అని ఆపే హక్కు ఉంటుంది.

హార్వే సాక్స్, ఇమాన్యుయెల్ షెగ్లోఫ్, గెయిల్ జెఫర్సన్ అనే ముగ్గురు పరిశోధకులు 1974లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో చూపినదీ దీనికి దగ్గరి సంగతే. మామూలు సంభాషణలో ఎవరి వంతు ఎప్పుడో ముందుగా నిర్ణయమై ఉండదు. మాట్లాడేవారే అప్పటికప్పుడు పంచుకుంటారు. టెలివిజన్ చర్చలో ఆ పంపకం ఒక్కరి చేతిలో, అంటే యాంకర్ చేతిలో ఉంటుంది. విషయం మార్చే హక్కు కూడా ఆయనదే. ముస్లింల సమస్యలపై జరిగే చర్చల్లో మనకు నష్టం చేస్తున్నది కేకలకన్నా ఎక్కువగా ఈ ఏకపక్ష హక్కేనని నా అభిప్రాయం.

నాలుగు శాతం రిజర్వేషన్ల చర్చనే తీసుకుందాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 నాటి చట్టం ఈ రిజర్వేషన్‌ను బీసీ-ఇ వర్గం కింద ఇచ్చింది. అది ముస్లింలందరికీ ఇచ్చినది కాదు. సయ్యద్, మొఘల్, పఠాన్ వంటి వారిని మినహాయించి, ఫకీర్లు, అత్తర్ సాయిబులు, లబ్బీలు, ఖురేషీలు వంటి సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన వర్గాలకు పరిమితమైనది. దూదేకుల వారు అంతకుముందు నుంచే బీసీ-బిలో ఉన్నారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. అదే సంవత్సరం మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో రిజర్వేషన్ కొనసాగింది. ‘మత ప్రాతిపదికన రిజర్వేషన్ ఎలా ఇస్తారు?’ అన్న ప్రశ్నకు సమాధానం ఈ వివరాల్లోనే ఉంది. వీటిని చెప్పడానికి రెండు నిమిషాలు చాలు.

మన వక్త వర్గాల జాబితా దాకా వచ్చేసరికి, ‘అది సరే గానీ, మూడు తలాక్‌పై మీ వైఖరి ఏమిటి?’ అనే ప్రశ్న దూసుకొస్తుంది. ఈ ‘సరే’ను కాస్త పరిశీలించాలి. మన వాడుకలో అది అంగీకారాన్ని తెలిపే మాట. ఇక్కడ మాత్రం సగంలో తెగిన సమాధానాన్ని, విని ఒప్పుకొని పక్కన పెట్టినట్టుగా చూపిస్తుంది. ఇంట్లో చూస్తున్నవారికి ఆ విషయం అయిపోయిందనే అనిపిస్తుంది. ‘అసలు విషయానికి వద్దాం’ అనేది మరింత కఠినం. అంతవరకు చెప్పినదంతా అసలు విషయం కాదని అది తీర్పు చెప్పేస్తుంది. ‘దేశమంతా అడుగుతోంది’ అన్నప్పుడు అడుగుతున్న వ్యక్తి కనుమరుగవుతాడు. మన వక్త పట్టు వదలక మళ్ళీ రిజర్వేషన్ల మాట ఎత్తితే వెంటనే వినిపించేది ‘విషయం మార్చకండి’ అనే మందలింపు! విషయం మార్చింది ఎవరో అప్పటికి ఎవరికీ గుర్తుండదు.

ఇక్కడ మన వక్తల తప్పూ ఉంది. చాలామంది కొత్త ప్రశ్న వినగానే ఆవేశంతో దానిలోకి దూకుతారు. నాలుగు శాతం గాలికి పోతుంది. కొందరు జవాబివ్వకుండా గొంతు పెంచుతారు. తప్పించుకుంటున్నారన్న ముద్ర పడుతుంది. ‘రిజర్వేషన్ గురించిన మాట సగంలో ఉంది, ఒక్క వాక్యంతో ముగించి మీ ప్రశ్నకు వస్తాను’ అని విషయాన్ని పేరుపెట్టి చెప్పడం మేలు. చెప్పినట్టే ఆ ప్రశ్నకు రావాలి కూడా. వస్తామని రాకపోతే మరుసటి సారి ఎవరూ నమ్మరు.

తెర మీద మనకు జరిగేది మన సమావేశాల్లో మనమూ చేయడం లేదా? ఆడపిల్లల పై చదువుల గురించో, మహర్ చెల్లింపు గురించో ఒక చెల్లెలు లేచి అడిగితే, ‘అది సరేనమ్మా, ముందు కౌమ్ ఎదుర్కొంటున్న పెద్ద సమస్యలు చూద్దాం’ అనే పెద్దలు తక్కువేమీ కాదు. ఆమె ప్రశ్న తరువాతి సమావేశానికీ రాదు. ఇది యాంకర్ల నుంచి నేర్చినది కాదు, పాత అలవాటే. అయినా ఆ చెల్లెలికి కలిగే నష్టం మాత్రం ఒకటే.

విద్వేష ప్రసంగాల కేసులు విచారిస్తూ 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చర్చల్లో యాంకర్ పాత్ర కీలకమని వ్యాఖ్యానించింది. 2024 ఫిబ్రవరిలో న్యూస్ బ్రాడ్‌కాస్టింగ్ అండ్ డిజిటల్ స్టాండర్డ్స్ అథారిటీ రెండు హిందీ చానెళ్ళకు జరిమానా విధించి, ఆ కార్యక్రమాల వీడియోలు తొలగించమని ఆదేశించింది. దానికి మూలం ఒక సామాన్య పౌరుడి ఫిర్యాదే. ఆ సంస్థ పరిధి సభ్య చానెళ్ళ వరకే. ఫిర్యాదు మొదట చానెల్‌కే పంపాలి, అదీ ఆలస్యం లేకుండా. ‘మనవాళ్ళను మాట్లాడనివ్వలేదు’ అని రాస్తే అది నిలవదు. కార్యక్రమం పేరు, తేదీ, ఎన్నో నిమిషంలో ఏ వాక్యం సగంలో తెగింది, తెంచిన మాట ఏది, ఆ తరువాత అడిగిన ప్రశ్న ఏది అనేవి కాగితం మీద ఉండాలి. ఇంటర్ చదువుతున్న పిల్లలు ఒక సాయంత్రం కూర్చుంటే తయారయ్యే కాగితమే అది.