మాటలు రాని పిల్లలకు తనిఖీయే సాక్షి

2009 జూన్ 5 మధ్యాహ్నం. మెక్సికోలోని హెర్మోసిల్లో నగరంలో ఏబీసీ అనే శిశు సంరక్షణ కేంద్రంలో పిల్లలు నిద్రపోయే వేళ. గోడకు ఆనుకుని ఉన్న ప్రభుత్వ గోదాములో రాజుకున్న మంట పైకప్పు మీదుగా లోపలికి పాకింది. ఆ కేంద్రం కూడా గోదాముగా కట్టిన భవనమే. బయటపడే దారులు చాలలేదు. చుట్టుపక్కల వాళ్లు వాహనాలతో గోడలను గుద్ది పగలగొట్టి, ఆ కన్నాల్లోంచి పిల్లలను బయటకు అందించారు. అయినా 49 మంది పసివాళ్లు చనిపోయారు. అది అనుమతి లేకుండా చాటుమాటుగా నడిచిన కేంద్రం కాదు. ఆ దేశ సామాజిక భద్రతా సంస్థ ప్రైవేటు నిర్వాహకులతో ఒప్పందం చేసుకుని, ఉద్యోగాలకు వెళ్లే తల్లుల పిల్లల కోసం నడిపించిన కేంద్రం. ప్రమాదానికి కొద్ది రోజుల ముందే తనిఖీ జరిగిందని, అందులో లోపాలేవీ తేలలేదని అధికారులే చెప్పారు. కాగితం మీద అన్నీ సవ్యంగా ఉన్నాయి. మంట వచ్చినప్పుడు కావలసిన తలుపు మాత్రం లేదు. పిల్లల డే కేర్ కేంద్రాలకు లైసెన్సు కావాలా, వద్దా అన్న చర్చను మనం ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. లైసెన్సు అవసరమే. అయితే ఇచ్చిన లైసెన్సు నిజమో కాదో పదేపదే వెళ్లి చూసే వ్యవస్థ, చూసింది తల్లిదండ్రులకు చెప్పే వ్యవస్థ లేకపోతే ఆ లైసెన్సు గోడకు తగిలించిన పటంతో సమానం.

మన దగ్గర పరిస్థితి అక్కడి దాకా కూడా రాలేదు. కొండాపూర్, మణికొండ మొదలుకుని విశాఖలోని మధురవాడ దాకా అపార్టుమెంట్లలో, అద్దె ఇళ్లలో డే కేర్‌లు వెలిశాయి. ఇంట్లో అమ్మమ్మో నానమ్మో లేని కుటుంబాలకు, దంపతులిద్దరూ పనికి వెళ్తే తప్ప గడవని కుటుంబాలకు అవి ఇప్పుడు నిత్యావసరం. చట్టం కూడా ఈ అవసరాన్ని గుర్తించింది. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం 50 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న ప్రతి సంస్థా శిశు సంరక్షణ సదుపాయం కల్పించాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని చెప్పింది. ఆ సదుపాయం ఎలా ఉండాలో చెబుతూ 2018లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ కనీస మార్గదర్శకాలు వెలువరించింది. మూడేళ్ల లోపు పిల్లలైతే పది మందికి ఒకరు, ఆపైన ఇరవై మందికి ఒకరు చొప్పున శిక్షణ పొందిన కార్యకర్త ఉండాలని అందులో ఉంది. అయితే అవి మార్గదర్శకాలే. వీధి చివర అద్దె ఇంట్లో నడిచే ప్రైవేటు డే కేర్ తలుపు తట్టి, లెక్క సరిపోయిందా అని అడిగే అధికారం వాటి వల్ల ఎవరికీ దక్కలేదు. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ప్రైవేటు ప్లే స్కూళ్లకు నియమావళి రూపొందించింది కానీ, అది మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఉద్దేశించినది. బాల న్యాయ చట్టం కింద జరిగే రిజిస్ట్రేషన్ ఆదరణ లేని పిల్లల సంస్థలకు సంబంధించినది. ఇన్ని నిబంధనల మధ్య నుంచి జారిపోయింది ఎవరంటే, మూడేళ్లు నిండని పసిబిడ్డ. అందరికంటే నిస్సహాయుడికే అందరికంటే తక్కువ రక్షణ.

ఈ లోపాన్ని తల్లిదండ్రుల జాగ్రత్తతో పూడ్చుకోవచ్చని కొందరంటారు. నచ్చకపోతే మానేస్తారు, బాగా నడవని కేంద్రం దానంతటదే మూతపడుతుందంటారు. ఇతర సేవల విషయంలో ఈ వాదనకు కొంత బలముంది. హోటల్లో కూర పాసిపోతే తిన్నవాడికి తెలుస్తుంది. బడిలో మాస్టారు కొడితే పిల్లవాడు ఇంటికొచ్చి చెబుతాడు. డే కేర్‌లో సేవను అనుభవించే బిడ్డ చెప్పలేదు. డబ్బు కట్టే తల్లి చూడలేదు. ఆమెకు కనిపించేది ఉదయం తొమ్మిదింటికి నవ్వుతూ బిడ్డను అందుకునే చేతులు, సాయంత్రం ఆరింటికి ముఖం కడిగి పౌడరు రాసి తిరిగి అప్పగించే చేతులు. మధ్యలో గడిచిన తొమ్మిది గంటలు ఆమెకు చీకటే. అడగందే అమ్మయినా పెట్టదని సామెత. అడగడమే రాని వయసు పిల్లల తరఫున అడిగే బాధ్యత మరొకరు తీసుకోవాలి. ఆ మరొకరు ప్రభుత్వమే కావాలి. ఎందుకంటే ముందు చెప్పకుండా వెళ్లి తలుపు తెరిపించే అధికారం ఏ తల్లికీ, ఏ తండ్రికీ లేదు.

తనిఖీ అనగానే రిజిస్టర్లు, సంతకాలు గుర్తుకొస్తాయి. పసిపిల్లల విషయంలో చూడాల్సినవి వేరు. నీటి సంపు మూతకు తాళం ఉందా? బాత్రూములో నీళ్లు నింపిన బకెట్లు, డ్రమ్ములు పిల్లలకు అందే చోట ఉన్నాయా? తప్పటడుగుల బిడ్డ తలకిందులుగా పడితే సగం బకెట్ నీళ్లు చాలు ప్రాణం పోవడానికి. బాల్కనీ కమ్మీల మధ్య సందు ఎంత? దొంగల భయంతో మెట్ల దగ్గర వేసిన ఇనుప గ్రిల్‌కు తాళం ఉంటే, మంట వచ్చినప్పుడు ఆ తాళం చెవి ఎవరి దగ్గర? రెండో దారి ఉందా? గ్యాస్ సిలిండర్ పిల్లలు పడుకునే గదికి ఎంత దూరం? నెలల పిల్లలను వెల్లకిలా పడుకోబెడుతున్నారా? పాల సీసాలు మరిగిస్తున్నారా? సాయంత్రం బిడ్డను తీసుకెళ్లడానికి వచ్చిన మనిషి ఎవరో సరిచూసే పద్ధతి ఉందా? అన్నింటికంటే ముఖ్యంగా, మధ్యాహ్నం పిల్లలు నిద్రపోయే వేళ ఎంతమంది పెద్దలు మెలకువగా ఉన్నారు? ఇవేవీ దరఖాస్తుకు జతచేసిన కాగితాల్లో కనిపించవు. అగ్నిమాపక అనుమతుల నిబంధనలు కూడా ప్రధానంగా భవనం ఎత్తు, స్థలం విస్తీర్ణం మీద ఆధారపడినవి. మంటకు భవనం ఎత్తు ఎంతో అక్కర్లేదు. నడవడం రాని పది మంది పిల్లలను ఇద్దరు ఆయాలు ఎత్తుకుని బయటపడాలంటే మేడ మీది చిన్న ఇల్లయినా చావుబోనే అవుతుంది.

చూసేవాళ్లు తిరిగి రాకపోతే ఏమవుతుందో మన దేశమే రెండుసార్లు రుజువు చేసింది. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో వంటశాలలో లేచిన మంట తాటాకు కప్పుకు అంటుకుని ఒక పాఠశాలలో 94 మంది పిల్లలను బలి తీసుకుంది. ఆ ఘోరం నేపథ్యంలో సాగిన కేసులో సుప్రీంకోర్టు 2009 ఏప్రిల్‌లో తీర్పు చెబుతూ, విద్యాహక్కు అంటే సురక్షితమైన బడిలో చదువుకునే హక్కు కూడా అని స్పష్టం చేసింది. బడికి వర్తించిన న్యాయం, బడి వయసు కూడా రాని బిడ్డకు ఇంకా ఎక్కువగా వర్తించాలి. ఆ తర్వాత 2024 మే 25 రాత్రి ఢిల్లీలోని వివేక్ విహార్‌లో నవజాత శిశువుల ఆస్పత్రిలో మంటలు చెలరేగి పసికందులు చనిపోయారు. దాని లైసెన్సు గడువు అప్పటికే మార్చి 31తో ముగిసిందని, అగ్నిమాపక శాఖ అనుమతి లేదని తర్వాత బయటపడింది. గడువు ముగిసిన మర్నాడు ఎవరైనా వెళ్లి తలుపు తట్టి ఉంటే ఆ శిశువులు బతికి ఉండేవారేమో. ఈ రెండు చోట్లా నిబంధనలకు కొరత లేదు. నిబంధన అమలవుతోందా అని చూసే కళ్లకే కొరత.

చూడటం అసాధ్యమేమీ కాదు. అమెరికాలో 2014లో శిశు సంరక్షణ గ్రాంట్ల చట్టాన్ని సవరించినప్పుడు, లైసెన్సు ఇచ్చే ముందు ఒకసారి, ఆ తర్వాత ఏడాదికి కనీసం ఒకసారి ముందస్తు సమాచారం లేకుండా తనిఖీ చేయాలని రాష్ట్రాలకు షరతు పెట్టారు. సిబ్బంది నేరచరిత్రను పరిశీలించాలన్నారు. అంతకంటే విలువైన షరతు మరొకటుంది: తనిఖీ నివేదికలను ప్రజలందరూ చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టాలి. డల్లాస్‌లో ఉండే తెలుగు దంపతులు బిడ్డను చేర్చే ముందు ఆ కేంద్రంలో ఏ లోపం దొరికిందో, దాన్ని సరిదిద్దారో లేదో ఇంట్లో కూర్చుని చదువుకోగలరు. అదే దంపతులు హైదరాబాద్ తిరిగొస్తే వాళ్లకు దొరికేది రంగురంగుల బ్రోచర్, గూగుల్‌లో నక్షత్రాలు. మెక్సికో కూడా హెర్మోసిల్లో తల్లిదండ్రుల పోరాటం తర్వాత 2011లో దేశమంతటికీ వర్తించే శిశు సంరక్షణ చట్టం తెచ్చుకుంది. దాన్ని ప్రజలు ‘జూన్ 5 చట్టం’ అని పిలుచుకుంటారు. మనం మాత్రం మన చట్టానికి పేరు పెట్టడానికి ఒక తేదీ కోసం ఎదురుచూడకూడదు.

ఇక అభ్యంతరాలు. మొదటిది బరువైనది: నిబంధనలు పెరిగితే ఖర్చు పెరుగుతుంది, ఇంట్లోనే నలుగురైదుగురు పిల్లలను చూసుకుంటూ బతికే మహిళలు మూసేసుకుంటారు, ఫీజులు పెరిగి పేద తల్లులు ఉద్యోగాలు మానేస్తారు. ఈ భయం నిజమైనదే. అందుకే అందరికీ ఒకే కొలత పెట్టకూడదు. ఇంట్లో కొద్దిమందిని చూసుకునే వారికి ఉచిత రిజిస్ట్రేషన్, ఒక పేజీ నిబంధనలు, ప్రథమ చికిత్సలో ప్రభుత్వ ఖర్చుతో శిక్షణ చాలు. పదుల సంఖ్యలో పిల్లలను చేర్చుకుని వ్యాపారంగా నడిపేవారికి పూర్తి లైసెన్సు ఉండాలి. పైగా ప్రాణాలు కాపాడే మార్పుల్లో చాలావాటికి పెద్ద ఖర్చు కాదు. సంపు మూతకు తాళానికి, గ్రిల్ తాళాన్ని లోపలి నుంచి చెవి లేకుండా తెరిచే గడియగా మార్చడానికి, సిలిండర్‌ను బయట పెట్టడానికి లక్షలు అక్కర్లేదు. నిజంగా ఖర్చయ్యేది సరిపడా మనుషులను పెట్టడం. అక్కడ ప్రభుత్వమూ, ఉద్యోగాలిచ్చే సంస్థలూ చేయి కలపాలి. ఆ భారం తల్లి మీద పడుతుందని భద్రతనే తగ్గించుకుంటే, చివరికి ఆ భారం మోసేది బిడ్డే.

రెండో అభ్యంతరం, తనిఖీ అంటే మామూళ్ల వసూలేనన్నది. మన అనుభవం ఆ మాటను కొట్టిపారేయనివ్వదు. కానీ లంచం పుట్టేది గోప్యతలో. ఇన్‌స్పెక్టర్ ఏం చూశాడో అతనికీ యజమానికీ మాత్రమే తెలిసినప్పుడు బేరానికి చోటుంటుంది. చూసిన ప్రతి అంశాన్నీ ఫొటోతో సహా అదే రోజు ఆన్‌లైన్‌లో పెట్టాలని, నివేదిక ప్రతిని కేంద్రం గుమ్మానికి తెలుగులో అంటించాలని చట్టంలో రాస్తే, మర్నాడు ఉదయం ఆ గుమ్మంలో నిలబడే ఇరవై మంది తల్లిదండ్రులే ఇన్‌స్పెక్టర్‌ మీద ఇన్‌స్పెక్టర్లవుతారు. సంపుకు మూత ఉందని రాసి ఉండి, కళ్లెదుట మూత లేకపోతే అబద్ధం ఒక్క పూట కూడా నిలవదు. ఏ కేంద్రానికి ఎవరు వెళ్లాలో లాటరీ పద్ధతిలో కంప్యూటర్ నిర్ణయిస్తే పరిచయాలకు తావు తగ్గుతుంది.

సీసీ కెమెరాలు ఉంటే చాలదా అని మరికొందరు అడుగుతారు. 2016 నవంబరులో నవీ ముంబైలోని ఖార్ఘర్‌లో ఒక డే కేర్‌లో ఆయా పది నెలల పాపను కొట్టి, విసిరేసిన దృశ్యాలు దేశాన్ని కలచివేశాయి. అక్కడ కెమెరా ఉంది. అది నేరాన్ని రికార్డు చేసింది, ఆపలేకపోయింది. పాప ఒంటి మీద గాయాలు చూశాకే ఎవరైనా ఆ దృశ్యాలు చూశారు. దక్షిణ కొరియా 2015లో డే కేర్‌లలో కెమెరాలు తప్పనిసరి చేసింది, అది మంచి నిర్ణయమే. కెమెరా సాక్ష్యానికి పనికొస్తుంది. అయితే ఎనిమిది గంటల పాటు పన్నెండు మంది శిశువులతో ఒంటరిగా సతమతమయ్యే ఆయా అలసటను, విసుగును, శిక్షణ లేమిని తగ్గించేది కెమెరా కాదు. పక్కన ఉండాల్సిన రెండో మనిషి. ఆ రెండో మనిషి ఉన్నారో లేదో చూడటమే తనిఖీ పని.

చివరి అభ్యంతరం కఠినమైనది: తనిఖీలు ఉన్నా ప్రమాదాలు ఆగవు కదా? నిజమే. 2023 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో లైసెన్సు ఉన్న ఒక ఇంటి డే కేర్‌లో నేల కింద దాచిన మాదక ద్రవ్యం సోకి ఏడాది బిడ్డ చనిపోయాడు. కొద్ది రోజుల ముందే అక్కడ ఆకస్మిక తనిఖీ జరిగింది, తప్పు దొరకలేదు. దీన్నుంచి నేర్చుకోవాల్సింది తనిఖీ వృథా అని కాదు, సోమరి తనిఖీ వృథా అని. నేల మీద పరిచిన చాప ఎత్తి చూడని చూపు చూపే కాదు. హెర్మోసిల్లోలోనూ జరిగిందదే. ఆ తలుపులోంచి పిల్లలందరినీ ఎన్ని నిమిషాల్లో బయటకు తేగలరో చేసి చూపించమని అడిగి ఉంటే, ఆ భవనం ఆ రోజే మూతపడేది. కాబట్టి తనిఖీ చేసేవారికి పసిపిల్లల సంరక్షణలోనూ అగ్ని భద్రతలోనూ శిక్షణ ఉండాలి. పత్రాలు తర్వాత, ముందు గదులు చూడాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలను పర్యవేక్షించే శాఖలు ఇప్పటికే ఉన్నాయి. పసిపిల్లల గురించి ప్రభుత్వానికి ఏమీ తెలియదని ఎవరూ అనలేరు. పని భారంతో నలిగిపోతున్న అంగన్‌వాడీ సూపర్‌వైజర్ల మీద దీన్ని కూడా మోపకుండా, అదే శాఖలో ప్రత్యేక తనిఖీ విభాగం పెట్టాలి. రెండు రాష్ట్రాల శాసనసభలూ నాలుగు విషయాలు చట్టంగా చేయాలి: పిల్లల సంఖ్యతో నిమిత్తం లేకుండా ప్రతి డే కేర్‌కూ రిజిస్ట్రేషన్, ఏడాదికి కనీసం రెండు ఆకస్మిక తనిఖీలు, నివేదికలన్నీ ప్రజల ముందు, ప్రాణాపాయ లోపం కనిపిస్తే ఆ రోజే మూసివేత. చట్టం వచ్చేదాకా తల్లిదండ్రులు ఊరుకోనక్కర్లేదు. రేపు బిడ్డను వదిలిపెట్టేటప్పుడు గుమ్మం దగ్గరే ఆగిపోకండి. లోపలికి వెళ్లండి. రెండో దారి ఎక్కడుందో, తాళం చెవి ఎవరి దగ్గరుందో, నిద్ర వేళ ఎంతమంది ఉంటారో అడగండి. మీ బిడ్డ అడగలేదు.