త్రోవలో కారునకు వచ్చు నాపదలు

గతమాసమున మాకందిన జాబులలో నొకటి యుద్యోగినియైన సోదరి వ్రాసినది. ఆమె కారు నడుపుట నేర్చినది, లైసెన్సును బొందినది. కాని త్రోవలో నేదైన జరిగినచో కంగారుపడునని యింటివారు పిల్లలతో నామె నొంటరిగా బంపరట. స్త్రీలు కంగారుపడుదురన్న మాటను మే మంగీకరింపము. రణమధ్యమున రథచక్రపు సీల యూడగా వ్రేలొడ్డి దశరథుని గాపాడిన కైకేయి కథను మన యవ్వలు చెప్పగా వింటిమి. అది కథ యందురేని చరిత్ర వినుడు. 1888 ఆగస్టులో జర్మనీ దేశమున బెర్తా బెంజ్ అను నామె భర్త నిర్మించిన మోటారుబండిని, ఆయనకు జెప్పకయే, ఇద్దరు కుమారులతో మాన్‌హైమునుండి ఫోర్జ్‌హైమునకు నూరు కిలోమీటర్లకు పైగా దీసికొనిపోయినది. త్రోవలో నింధనపు గొట్టము పూడుకొనగా టోపీసూదితో బొడిచి బాగుచేసినది. బ్రేకు దిమ్మ లరిగిపోగా చెప్పులు కుట్టువానిచే తోలు వేయించినది.

ఏమి చేయవలెనో ముందే యెరిగినవారికి కంగారు తక్కువ. ఆ సోదరి యింటివారికి జదివి వినిపించుటకైనను పనికివచ్చునని కొన్ని సంగతులు వ్రాయుచున్నాము.

వేసవిలో రహదారిపై టైరు ప్రేలుట గలదు. గాలి తక్కువైన టైరు అణగుచు లేచుచు దొర్లుటచే లోపల వేడెక్కును. బరువును వేగమును తోడైనచో చిట్లును. తుపాకి ప్రేలినంత చప్పుడగును, బండి యొకప్రక్కకు లాగును. అపుడు కాలు బ్రేకుమీదికి బోవుట సహజము; అదియే చేయరాదు. స్టీరింగును రెండుచేతుల బిగబట్టి, బండిని తిన్నగా నుంచి, యాక్సిలరేటరునుండి కాలిని మెల్లగా నెత్తవలెను. వేగము దానంతట తగ్గిన పిదప నెడమదీపము వేసి యంచునకు జేరవలెను. చక్రము పాడగునేమో యని చింతింపవలదు; ఇనుమును మరల గొనవచ్చును. టైర్లలో గాలిని బయలుదేరకమునుపు, చల్లగా నున్నపుడే చూపింపవలెను. ఎంత యుండవలెనో డ్రైవరు తలుపుచెంత చీటీపై నుండును. స్టెప్నీని మరువకుడు.

ఇక బ్రేకు. పెడలు మెత్తగా నేలవరకు దిగిపోయినచో వెంటవెంటనే పలుమారులు త్రొక్కవలెను. ఒక్కొక్కపుడు పట్టు మరల దొరకును. అంతలో గేరు నొక్కొక్కటిగా దగ్గించుచు, చేతిబ్రేకును మీట నొక్కిపట్టి కొంచెము కొంచెముగా లాగవలెను. ఒక్కయూపున లాగినచో వెనుకచక్రములు బిగిసి బండి గిర్రున దిరుగును. హారను మ్రోగించుచు నితరులను హెచ్చరింపవలెను. బండి కదలుచుండగా తాళము త్రిప్పి యింజను నార్పరాదు. స్టీరింగు బరువెక్కును, తాళమును దీసినచో బిగిసియే పోవచ్చును. పలుమారులు త్రొక్కుట చెడిన బ్రేకునకే సుమా! ఏబీఎస్ గల కారులో, బ్రేకు బాగుగానుండి యెదుట నేదైన నడ్డము వచ్చినపుడు, ఒక్కమారే గట్టిగా ద్రొక్కి పట్టవలెను; కాలిక్రింద పెడలు గడగడ వణకినను విడువరాదు.

పెడలు దిగనే దిగకున్న నేమి? క్రింద జూడగా బిడ్డల నీళ్లసీసా! జారిన చెప్పు, మడతపడిన పట్ట గూడ నింతపని చేయగలవు. బయలుదేరునపుడు డ్రైవరు కాళ్లచెంత నేమియు లేకుండ జూచుట మనకు గుమ్మము తుడిచినంత తేలిక.

ఇంజను వేడిముల్లు ఎరుపునకు జేరినచో ఏసీ నాపి, ప్రక్కకు దీసి, యింజను నార్పి వేచియుండవలెను. రేడియేటరు మూతను వేడిమీద దీసిన నేమగునో ప్రెషరు కుక్కరు నెరిగిన గృహిణులకు వేరుగ జెప్పనక్కరలేదు.

మాకు మిక్కిలి భయము గొల్పునది వానకాలపు వాగు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ వీధు లెట్లు మునిగెనో యెల్లరు నెరుగుదురు. పారునీ రడుగెత్తైనను చిన్నకారును దేల్చును. రెండడుగులైన పెద్దబండిని సైతము ద్రోసికొనిపోవును. ముందు లారీ దాటినదని వెంటబోరాదు; లారీ బరువు మన కారునకు లేదు, త్రోవలోని గండి నీటిక్రింద గానరాదు. నడుపువారు మామగారైనను భర్తయైనను "వెనుకకు త్రిప్పుడు" అని చెప్పుటకు సంకోచింపకుడు. మర్యాదకై యూరకుండుట కది సమయము గాదు.

ప్రమాదవశమున బండి నీటబడినచో మొదట ఫోనుకై వెదుకరాదు. బెల్టులు విప్పి, నీరు కిటికీ యంచున కెక్కకమునుపే యద్దములు దించి, పిల్లలను ముందుగా వెలికి బంపి, వెంటనే మనమును బోవలెను. నీటి యొత్తిడిచే తలుపు తెరచుకొనదు. అద్దము దిగకున్నచో ప్రక్కకిటికీ మూలను మొనగల చిన్నసుత్తితో గొట్టవలెను. ముందరియద్దము పొరల నడుమ నతుకు గలది, పగిలినను విడదు. అట్టి సుత్తి చేతికందుచోట నుండవలెను. డిక్కీలో నున్న నేమి లాభము?

రహదారిపై బండి యాగిపోయినచో హెచ్చరిక దీపములు వేసి, అందరును నెడమతలుపులనుండి దిగి, కంచె కావల నిలువవలెను. పిల్లలను బండిలో గూర్చుండబెట్టుట గాని, బండి వెనుక నిలుచుట గాని తగదు. ఎరుపు త్రికోణపు గురుతును బండికి వెనుక దూరముగా, వచ్చు వాహనములను జూచుకొనుచు బెట్టవలెను. జాతీయ రహదారులపై సహాయమునకు 1033, ఎచటనైనను 112 సంఖ్యకు ఫోను చేయవచ్చును.

స్టెప్నీని మార్చుటలో జాకీని ఎచట నానింపవలెనో, బోల్టుల నే వరుసలో విప్పవలెనో వచ్చుమాసమున వ్రాసెదము. ఈలోపల పాఠకురాండ్రు తమ బండిలో జాకీ యున్నదో లేదో డిక్కీ తెరచి చూచుకొందురు గాక.