కోళ్ల పెంటయు రైతు భూమియు

గ్రుడ్ల యుత్పత్తిలో ఆంధ్రప్రదేశము భారతదేశమున ప్రథమస్థానము వహించియున్నది. తెలంగాణమును అగ్రశ్రేణియందే కలదు. గోదావరి మండలములందును, హైదరాబాదు పరిసరములందును లక్షలకొలది కోళ్లు పెరుగుచున్నవి. గ్రుడ్డు వెల ప్రతిదిన మెల్లరకును తెలియును; గూళ్ల క్రింద పేరుకొనుచున్న పెంటను గుఱించి మాత్రము, ఈగలు ఊరిమీద పడిననాడు తప్ప, ఎవ్వరును తలంపరు. ఈ యుపేక్ష మన వ్యవసాయమునకు నష్టదాయకమని మా దృఢాభిప్రాయము.

పక్షిరెట్ట విలువ యెఱిగిన జాతులు లేకపోలేదు. పందొమ్మిదవ శతాబ్దమున పెరూ దేశపు చించా ద్వీపములనుండి సముద్రపక్షుల రెట్టను ఓడల కెత్తించుకొనిపోయి ఐరోపావారు తమ పొలములకు వేసికొనిరి. అట్టి ద్వీపములను స్వాధీనపఱచుకొనుటకై 1856లో అమెరికా సంయుక్త రాష్ట్రములు శాసనమునే చేసికొనెను. అన్యులు సముద్రములు దాటి వెదకిన వస్తువు మన పొలిమేరలోనే కుప్పపడియుండగా, మనము పొటాషును దాదాపు పూర్తిగను, భాస్వరమును అధికభాగమును విదేశములనుండి తెచ్చుకొనుచున్నాము. ఇది స్వావలంబనము కాదు.

టన్ను పశువుల యెరువున నత్రజని సుమారు 5 కిలోలు మాత్రమే. ఆరిన కోళ్ల పెంటలో 30 కిలోల వఱకు నుండును. అనగా ఇంచుమించు ఒకటిన్నర యూరియా బస్తాల సత్తువ. భాస్వరము, పొటాషు, సున్నము అదనము.

"ఇది వేడి యెరువు, పైరును మాడ్చును" అని రైతులనుట అసత్యము కాదు. పక్షికి మలమూత్రములు ఏకముగ వెలువడును. అందలి యూరికామ్లము త్వరగా అమ్మోనియాగా మాఱి లేతవేళ్లను కాల్చును. ఆ వాయువుతోడనే నత్రజనిలో పెద్దపాలు గాలిపాలగును. రోగక్రిములును పొలము చేరును. దోషము పెంటయందు లేదు, పచ్చిగ వాడుటయందున్నది.

నివారణ మార్గము సులభము. పెంట తూకమునకు సమానముగనో, కొంచె మధికముగనో తరిగిన వరిగడ్డి కలుపవలెను. ఊకతో కలిసివచ్చిన పెంటకు తక్కువ చాలును. పిడికిట పిండిన తడి తెలియవలెను గాని నీరు కాఱరాదు. నాలుగడుగుల యెత్తున కుప్పవేసి, వాన తగులకుండ కప్పి, వారమున కొకమాఱు తిరుగవేయవలెను. లోపలి వేడిమి 55 డిగ్రీలు దాటి కొన్నిదినములు నిలిచినచో క్రిములును కలుపు విత్తనములును నశించును. రెండు మూడు మాసములకు దుర్గంధము పోయి, మట్టివాసనగల నల్లని యెరువు సిద్ధమగును. 1931లో ఆల్బర్టు హోవార్డు తన గ్రంథమున ప్రకటించిన ఇండోరు పద్ధతికి మూలసూత్ర మిదియే. కోసిన గడ్డిని చేలలో తగులబెట్టు దురాచారమును దీనివలన తగ్గును.

పచ్చి పెంటను లారీల కెత్తి చేతులు దులుపుకొనుట కోళ్లశాలల యజమానులకు తగదు. మాగబెట్టి యమ్మినచో వారికే లాభము. 2023లో కేంద్ర ప్రభుత్వము గోబర్ధన్ కర్మాగారముల యెరువునకు టన్నుకు 1,500 రూపాయల సాయము నిర్ణయించినది. గ్రామములలో మాగబెట్టిన యెరువునకును, పరీక్షలో నాణ్యము తేలినయెడల, ఆ సాయము నేల యీయరాదు? భూస్వాములు ముందుగా తమ పొలమున నొక యెకరమునకైనను వేసి చూపింతురు గాక. ఉపన్యాసములకు లొంగని రైతు పండిన పంటకు లొంగును.