పెట్టినవారు లేనపుడు

ఓడలో సరకు నింపుటకు కలకత్తాలోని ఖిదిర్‌పూరు రేవుననే కాదు, ఏ రేవుననైనను ఒక నియమము కలదు: తుది మజిలీలో దింపవలసిన సరకు అడుగునను, తొలి మజిలీలో దింపవలసినది పైనను ఉండవలెను, ప్రతి మూటపైనను గుర్తు ఉండవలెను, ఆ గుర్తులన్నియు పట్టీలోని కెక్కవలెను. నింపువా రొకరు, దింపువారు వేఱొకరు. వారు ఒండొరుల మొగమైన నెఱుగరు. 1892లో తెఱచిన ఆ రేవు చెంత బ్రదుకు తెలుగు కుటుంబములు నేడు తమ సర్వస్వమును నింపుకొనుచున్న ల్యాప్‌టాపులకు సైతము ఈ నియమమే వర్తింపవలె నని నా నిశ్చితాభిప్రాయము.

తండ్రిగారి పింఛను ఉత్తరువు, ప్రావిడెంటు ఫండు లెక్కలు, పిల్లల మార్కుల జాబితాలు, కులధ్రువీకరణ పత్రము, ఆంధ్రదేశమున మిగిలిన అరయెకరము దస్తావేజు, ఇవన్నియు 'డౌన్‌లోడ్స్' అను ఒకే గుట్టలో, 'స్కాన్ 3' అనియు, 'ఫైనల్ కొత్తది' అనియు పేర్లు మోసికొని పడియుండును. వెదకుమన్నచో యంత్రమే వెదకిపెట్టును గదా, అమరిక యేల, అని యువకులు వాదింతురు. ఫొటో తీసిన కాగితము యంత్రమునకు బొమ్మయే కాని అక్షరము కాదు. అందలి అక్షరములను గుర్తించు సాధనము ఉన్నగాని ఆ వెదకులాట సాగదు. అదియు ఉన్నదనుకొన్నను, మన పేర్ల చిక్కు తీరదు. లక్ష్మి యను పేరు రోమను లిపిలో ఒక కాగితమున కే-ఎస్-హెచ్‌లతోను, మఱియొకదానిలో ఎక్స్‌తోను ఉండును; మనము ముందు వ్రాయు ఇంటిపేరును బెంగాలు కార్యాలయములు కడపట వ్రాయును. ఒక్క మనిషి ఆ యంత్రములో ముగ్గురగును.

అమరిక అమర్చినవాని తలలోనే నిలిచిపోయినచో ఏమగునో తెలుగువారికి కలకత్తా నగరమే ఒకమారు చూపినది. కల్నల్ కాలిన్ మెకంజీ దక్షిణాపథమునంతయు గాలించి కైఫీయతులు, శాసనముల నకళ్లు, తాళపత్రములు సేకరించి, సర్వేయరు జనరలై ఈ నగరమునకు వచ్చునపుడు వానిని తరలించుకొని వచ్చెను. ఆ మహాసేకరణకు ఊపిరులూదిన ఏలూరు కావలి సోదరులలో లక్ష్మయ్య ఆయన వెంట వచ్చెను. అన్నిటికిని వివరముతో పట్టిక వ్రాయవలెనని మెకంజీ సంకల్పము. అది నెరవేఱకయే 1821లో ఆయన గతించెను. కంపెనీవారు ఆ రాశిని లక్ష రూపాయలకు కొనిరి. కాని అం దేమున్నదో లోకమునకు తెలియుటకు విల్సన్ పండితుడు పట్టిక కూర్చి 1828లో ప్రకటించువఱకు వేచియుండవలసి వచ్చినది. ఆ రాశిని ఆమూలాగ్రముగ నెఱిగిన లక్ష్మయ్యకు ఆ కృషిని కొనసాగించు నవకాశము దొరకలేదు. ఆయన తలలోని తెలివిడిలో ఎంత భాగము ఆయనతోనే అంతరించెనో తలచినపుడు నాకు నేటికిని బాధ కలుగును. తెలుగు పత్రములు పిమ్మట మద్రాసు చేరినవి. అవి శిథిలమగుచుండ, ఇదే కలకత్తాలో 1798లో జన్మించిన బ్రౌను దొర నకళ్లు వ్రాయించి కాపాడెను. పట్టికయు నకలును లేకున్న మన గ్రామచరిత్రలలో ఎన్ని మిగిలియుండెడివి?

ఇంటి కాగితములకును ఆ రెండే కావలెను. మనిషి కొక ఫోల్డరు. దానిలో చదువు, ఉద్యోగము, ఆస్తి, వైద్యము అను నాలుగైదు విభాగములు. అంతకు మించి లోతునకు పోయినచో త్రోవ తప్పుదురు. ఫైలు పేరు సంవత్సరముతో ఆరంభించి, నెల, తేదీ, పిదప విషయము అను వరుసలో సాగవలెను. యంత్రము పేర్లను ఎడమనుండి పోల్చి పేర్చును గనుక, తేదీ ముందు వ్రాసినచో జనవరి ఒకటియు డిసెంబరు ఒకటియు ప్రక్కప్రక్కన నిలుచును. విండోసు ఫైలు పేర్లలో ఏటవాలు గీతను అంగీకరింపదు, అడ్డగీత చాలును. అన్నిటికి పైన, ఏది ఎచ్చట నున్నదో తేట తెలుగున తెలుపు ఫైలొకటి ఉండవలెను. సర్వమునకు నకలు ఒక హార్డ్‌డిస్కులో వేఱొక యింట నుండవలెను.

యూనికోడు కాని 'అను' ఫాంటులతో కూర్చిన తెలుగు సంఘముల పాత పత్రికా సంచికలను గూర్చియు ఒక మాట. ఆ ఫాంటు లేని యంత్రమున అవి అర్థము లేని గుర్తులుగా కనబడును. చదువగలవారు మనమధ్య ఉండగానే వానిని యూనికోడులోనికి మార్పించుట అత్యవసరము.

గృహమున కాగితముల భారము సాధారణముగ ఒక్కరిపైననే పడును. ఆయన ఆస్పత్రి పాలైన నాడు భార్యయో బిడ్డయో ఆ ల్యాప్‌టాపు తెఱచి బీమాపత్రము కొఱకు వెదకవలసియుండును. కావున తెలుగు సంఘముల పెద్దలారా, పండుగ సభలకు వెచ్చించు శ్రద్ధలో కొంత దీనికి కేటాయింపుడు. కంప్యూటరు నేర్చిన మన పిల్లలను ఆదివారములందు వృద్ధుల యిండ్లకు పంపి, వారి ప్రక్కన కూర్చుండి ఈ అమరిక చేయింపుడు. ఆ పని ఈ ఆదివారమే మొదలు కావలెనని నా విన్నపము.